హ్యూస్టన్‌లో అందరం కలిసి బతుకుతున్నామా, పక్కపక్కన బతుకుతున్నామా?

కేటీ వాసి:
పోయిన వారం మా బంధువుల ఇంట్లో మొదలైన వాదన, ఇక్కడా అడుగుతున్నాను. హ్యూస్టన్ అంటే అన్ని దేశాలవాళ్లూ కలిసిమెలిసి ఉండే ఊరని గొప్పగా చెప్పుకుంటాం. నాకలా అనిపించదు. మనవాళ్లు కేటీలో, షుగర్‌ల్యాండ్‌లో. వియత్నాం వాళ్లు బెల్లేర్ రోడ్డు పొడుగునా. ఆదివారం పేర్‌ల్యాండ్ మీనాక్షి గుడికెళ్లి, దర్శనం చేసుకుని, క్యాంటీన్లో దోసె తిని, కారెక్కి ఇంటికొచ్చేస్తాం. కొన్నిచోట్ల 26 లేన్లున్న కేటీ ఫ్రీవే దాటి ఎవరింటికి ఎవరు వెళ్తున్నారు? నవ్వుతూ పలకరించినంత మాత్రాన కలిసి ఉన్నట్టేనా?

హిల్‌క్రాఫ్ట్ పాతకాపు:
ఇళ్లకు రాకపోకలు తక్కువే, ఒప్పుకుంటాను. కానీ ఆ పలకరింపును మీరు మరీ తీసిపారేశారు.

2024 జూలైలో బెరిల్ తుఫానుకు ఈ ప్రాంతంలో 20 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. మా ఇంట్లో ఆరు రోజులు లేదు. అమ్మ ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉంది, ఐసు ఎంతసేపు ఆగుతుంది? పక్కింటి హోండురాస్ ఆవిడ తన జనరేటర్ నుంచి నారింజరంగు వైరు ఫెన్స్ మీదుగా మా వంటింటి కిటికీలోకి అందించింది. ఆవిడకు ఇంగ్లీషు అంతంతమాత్రం, అమ్మకు అసలు రాదు. ఇద్దరూ వేళ్లు చూపించుకుని పెట్రోలు ఖర్చుకు వంతులేసుకున్నారు. ఇప్పటికీ ఆవిడ గిన్నెలో టమాలేలు (మొక్కజొన్న పిండితో ఆవిరి మీద ఉడికించే వంటకం) ఇస్తే, అమ్మ అదే గిన్నెలో పులిహోర పెట్టి పంపుతుంది. ఏడేళ్లు ఆ ఫెన్స్ దగ్గర రోజూ పలకరించుకోకపోతే ఆ వైరు వచ్చేదా?

ఇంకోటి, ఈ స్నేహం ఊరికే వచ్చి పడలేదు. 1975 తర్వాత వచ్చిన వియత్నాం కాందిశీకులు గాల్వెస్టన్ అఖాతంలో రొయ్యలు పట్టుకుని బతుకుతుంటే కు క్లక్స్ క్లాన్ అనే తెల్లజాతి దురహంకార ముఠావాళ్లు బెదిరింపులకు దిగారు. 1981లో ఆ జాలర్లు ఫెడరల్ కోర్టుకెక్కారు. జడ్జి గాబ్రియెల్ మెక్‌డొనాల్డ్, నల్లజాతి మహిళ, క్లాన్ ఆగడాలను ఆపమని ఉత్తర్వులిచ్చారు. ఇవాళ వియత్నాం వాళ్లు లూసియానా పద్ధతిలో క్రాఫిష్ (చిన్న ఎండ్రకాయల్లాంటి మంచినీటి జీవులు) ఉడికించి, వెల్లుల్లి వెన్నలో ముంచి పెడుతుంటే ఊరంతా మోచేతుల దాకా కారం చేసుకుని తింటోంది. ఒక్కసారి ఆ బల్లల దగ్గర కూర్చుని అటూ ఇటూ చూడండి.

మెడికల్ సెంటర్ నర్సు:
పాతకాపు గారూ, మీరు చెప్పింది నిజమే, కానీ సగమే. నేను నల్లజాతివాళ్ల పాత పేట థర్డ్ వార్డులో అద్దెకుంటున్నాను. బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్లు తమ విడుదల పండుగ జూన్‌టీన్త్ జరుపుకోడానికి 1872లో డబ్బులు పోగేసుకుని కొన్న ఎమాన్సిపేషన్ పార్కు ఇక్కడే ఉంది. మూడు తరాలుగా ఇక్కడే ఉన్న మా పక్కింటి పెద్దాయన అద్దె కట్టలేక ఈ ఏడు ఖాళీ చేశారు. నాలాంటి జీతగాళ్లు వచ్చి చేరడం కూడా అందుకు ఒక కారణమే. ఊరు స్నేహంగా ఉందనేటప్పుడు ఆయన్ని కూడా లెక్కలో పెట్టాలి కదా.

కేటీ వాసి:
నర్సు గారి మాటకు నా దగ్గర జవాబు లేదు. వైరు సంగతి చదివాక మాత్రం కాసేపు ఏమీ రాయలేకపోయాను. ఎదురింట్లో నైజీరియా కుటుంబం దిగి నాలుగేళ్లయింది, వాళ్ల పేర్లు కూడా నాకు తెలియవు. నా అనుమానం పూర్తిగా పోలేదండీ. అయినా ఈ శనివారం వెళ్తున్నాం, మా ఆవిడ అరిసెలు చేస్తానంది.