లోకల్ రేడియోలో హెల్త్ ప్రోగ్రామ్, ఎవరూ వినట్లేదు, ఏం చేయాలి?

ప్రశ్న:
చిన్న పబ్లిక్ రేడియోలో వాలంటీర్‌ని అండి. వారానికి అరగంట స్లాట్ ఇచ్చి హెల్త్, కల్చర్, లోకల్ సమస్యలు అన్నీ అందులోనే కలపమన్నారు. మొన్న డాక్టర్‌ గారిని పిలిస్తే షుగర్ మీద అరగంటా లెక్చర్ దంచేశారు, ఒక్క ఫోన్ కూడా రాలేదు. తప్పెక్కడ?

రిప్లై 1:
తప్పు ఆయనది కాదు, ఫార్మాట్‌ది. రేడియోలో వెనక్కి తిప్పి వినడం ఉండదు, పైగా జనం మధ్యలో ట్యూన్ అవుతారు, అందుకే ఎవరు మాట్లాడుతున్నారు దేని గురించి అనేది నాలుగైదు నిమిషాలకోసారి మళ్ళీ చెప్తూ ఉండాలి. ముందు షుగర్ ఉన్న మనిషి చేత తన రోజెలా గడుస్తుందో చెప్పించండి, డాక్టర్ తర్వాత. ఇంకోటి, లైవ్‌లో ఎవరికీ మందు డోసు చెప్పించొద్దు, మనిషిని చూడకుండా చెప్పడం డేంజర్.

రిప్లై 2:
మూడూ ఒకేసారి కుక్కితే ఏదీ మిగలదు బ్రో, వారానికొకటి పెట్టుకోండి.

రిప్లై 3:
నేను ఒప్పుకోను. పాటలు పాడే పెద్దావిడ మధ్యలో తన మోకాళ్ళ నొప్పి గురించి చెప్పిందనుకో, అది హెల్తూ కల్చరూ రెండూనూ. ఎఫ్‌ఎం సిగ్నల్ ఎలాగూ ఎక్కువ దూరం పోదు, అదే మీ బలం, వినేవాళ్ళకి ఆ గొంతు తెలిసినదే అయ్యుంటుంది. 1949లో అమెరికాలోని బర్క్‌లీలో మొదలైన కేపీఎఫ్ఏ అనే రేడియో స్టేషన్ యాడ్స్ లేకుండా ఎక్కువగా శ్రోతల చందాలతో నడుస్తోంది, జనం తమది అనుకుంటేనే కదా డబ్బులిచ్చేది!

ప్రశ్న అడిగినవారు:
పెద్దావిడ ఐడియా అదిరింది. డాక్టర్‌ గారికి పది నిమిషాలే అని ఎలా చెప్పాలో చూడాలి 😅