‘చివరి పేరు’ అంటే ఏ పేరు?

మా ఊరి సహకార సంఘం సభ్యత్వ దరఖాస్తును వెబ్‌లో పెట్టే పని ఈమధ్య నా మెడకు చుట్టుకుంది. డేటాబేసులో ఒక ఫీల్డు పేరు ‘లాస్ట్_నేమ్’. దానికి తెలుగు మాట కావాలంటే అనువాద యంత్రం ‘చివరి పేరు’ అంది, నేనూ సరేనన్నాను. మొదటి రోజే ఒక పెద్దాయన కళ్లజోడు సవరించుకుని, “చివరి పేరేమిటి బాబూ, నేనింకా బతికే ఉన్నానుగా!” అన్నారు. కాసేపు ఆలోచించి, తన పేరు చివర ఉన్న ‘రావు’ రాశారు. ఆయన వెనక నిలబడ్డావిడ భర్త పేరు రాసింది.

మన ఇంటిపేరు ముందుంటుందని నాకు తెలియక కాదు. ఫీల్డు పేరు చూశానే తప్ప, ఆ గడిలో మనిషి ఏం రాయాలో చూడలేదు. ‘ఇంటిపేరు’ అని మార్చాక గొడవ తీరింది.

ఇప్పుడు అసలు సందేహం. గడి ఖాళీగా వదిలేస్తే చూపించడానికి ఒకే వాక్యం రాసుకున్నాను: ‘__ను పూరించండి’. ఖాళీలో గడి పేరు దానంతట అదే వచ్చి చేరుతుంది. ‘ఇంటిపేరును పూరించండి’, ‘చిరునామాను పూరించండి’ బాగానే ఉన్నాయి. ‘పుట్టిన తేదీను పూరించండి’ అని వచ్చేసరికి పంటి కింద రాయి పడినట్లయింది. ‘ను’, ‘ని’ ఎక్కడ ఏది రావాలో ప్రోగ్రాముకు ఎలా చెప్పాలి?

జవాబు: ఇ, ఈ, ఐ మీద ‘ని’, తక్కిన చోట ‘ను’ అని చెప్పవచ్చు. తేదీని, తండ్రిని, చిరునామాను. కానీ అంతటితో తీరదండీ. ‘ఊరు’ ఉకారాంతమే, అయినా ‘ఊరిని’ అంటాం. ‘ఇల్లు’ కాస్తా ‘ఇంటిని’ అవుతుంది. విభక్తి చేరే ముందు మాట చివర వచ్చే మార్పులు, బడిలో చదివిన ఔపవిభక్తికాలు, ఇ, టి, తి, గుర్తున్నాయా? మీరే ‘పంటి కింద రాయి’ అన్నారు. నోట్లోది అయితే పంటి నొప్పి, పంచాయతీకి కట్టేది అయితే పన్ను రసీదు. రెండూ ‘పన్ను’లే. అక్షరాలు చూసి తేల్చడం ప్రోగ్రాము వల్ల కాదు.

జవాబు: నాది వెబ్‌సైట్లు కట్టే పనే. వెబ్‌సైట్లు కట్టే సాధనం జాంగోలో ఫీల్డుకు వేరే పేరు ఇవ్వకపోతే, అండర్‌స్కోర్లు తీసి ఖాళీలు పెట్టి ఆ ఫీల్డు పేరునే చూపిస్తుంది. అలాంటిదే ఇంకో సాధనం రైల్స్ అయితే చివరనున్న ‘_ఐడీ’ తోకను కూడా కోసేస్తుంది. ఇంగ్లీషులో ఫీల్డు పేరూ మనుషుల మాటా దాదాపు ఒకటే కాబట్టి అలా గడిచిపోతుంది. మనకు గడవదు. ‘స్టేట్’ చిరునామాలో ఉంటే రాష్ట్రం, సరుకుల ఆర్డరులో ఉంటే స్థితి. ‘ఆర్డరు రాష్ట్రం: పెండింగు’ అని ఒక చోట స్వయంగా చూశాను! ప్రోగ్రాముల్లోని మాటల అనువాదానికి వాడే గెట్‌టెక్స్ట్‌లో అనువాదకుడి కోసం ప్రతి మాటకూ సందర్భం రాసే వీలుంది, రాసే ఓపికే ఎవరికీ ఉండదు.

మీ వాక్యం సంగతికి వస్తే, విభక్తి జోలికే వెళ్లకండి. ‘పుట్టిన తేదీ తప్పనిసరి’ అంటే చాలు. ‘ఊరు తప్పనిసరి’, ‘ఇంటిపేరు తప్పనిసరి’. ఏ మాట వచ్చినా చెక్కుచెదరదు.

జవాబు: చెక్కుచెదరదు సరే, పోలీసు నోటీసులా ఉంది. ఉన్నవి పది గడులైతే పది వాక్యాలూ చేత్తో రాయండి. ‘మీది ఏ ఊరో రాయండి’ అంటే పెద్దాయనకు అర్థమవుతుంది.

జవాబు: అమెరికా నుంచి ఒక మాట. పాస్‌పోర్టులో పేరంతా ఇంటిపేరు గడిలోనే ఉండి సొంత పేరు గడి ఖాళీగా ఉంటే, వీసాలో ఆ ఖాళీ చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని పడుతుంది. ‘మొదటి పేరు తెలియదు’ అని దాని అర్థం. అది తెలియనివాళ్లు దాన్నే పేరనుకుని పిలుస్తారు. గడి మీద మాట మార్చవచ్చు, వెనకున్న ఫీల్డు మాత్రం మన పేర్లను ఎరగదు.

పది వాక్యాలూ చేత్తోనే రాశాను. ‘మీది ఏ ఊరో రాయండి’ని ఉన్నదున్నట్లు తీసుకున్నాను. ఇంకొకటి మిగిలింది: ‘మిడిల్_నేమ్’కు ఏమనాలి?

జవాబు: మనకు మధ్య పేరు ఎక్కడిదండీ! ఆ గడి తీసేయండి.

తీసేశాను.