అప్‌డేట్: నా ట్యూన్ వాడిన యాడ్‌కి కాపీరైట్ క్లెయిమ్, ఎందుకో తెలిసింది

మూడు వారాల క్రితం అడిగాను కదా, నా సొంత ట్యూన్‌ని ఒక యాడ్‌కి లైసెన్స్ ఇస్తే, వాళ్లు యూట్యూబ్‌లో పెట్టగానే కాపీరైట్ క్లెయిమ్ పడిందని. విషయం తేలింది. క్లెయిమ్ వివరాలు తెరిచి హక్కుదారు ఎవరో చూడమన్నవాళ్లకి చాలా థ్యాంక్స్, అక్కడ ఉన్నది నా డిస్ట్రిబ్యూటర్ (నా పాటల్ని ఆన్‌లైన్‌లో రిలీజ్ చేసే కంపెనీ) పేరే! ట్యూన్ రిలీజ్ చేసేటప్పుడు కంటెంట్ ఐడీ (ఆడియోని గుర్తుపట్టి క్లెయిమ్ వేసే యూట్యూబ్ సిస్టమ్) దగ్గర టిక్ పెట్టాను, ఇక యూట్యూబ్‌లో ఆ ఆడియో ఎక్కడ వినిపించినా సిస్టమ్ దానంతట అదే పట్టుకుంటుంది, నేను ఎవరికి లైసెన్స్ ఇచ్చానో దానికి తెలియదు. యాడ్ కంపెనీ ఛానల్ లింక్ డిస్ట్రిబ్యూటర్‌కి పంపి మినహాయించమన్నాను, రెండు రోజుల్లో క్లెయిమ్ తీసేశారు.

ట్యూన్‌లో ఉన్న డ్రమ్ లూప్ (మళ్లీ మళ్లీ వచ్చే డ్రమ్ బిట్) వల్ల క్లెయిమ్ పడిందేమో అన్న అనుమానం కూడా వచ్చింది కానీ, దానికీ దీనికీ సంబంధం లేదు.

ఎందుకైనా మంచిదని అగ్రిమెంట్ లాయర్‌కి చూపించాను, చూపించడమే మంచిదైంది. ట్యూన్‌ని వీడియోకి జోడించే సింక్ హక్కు వేరు, ఆ రికార్డింగ్‌ని వాడుకునే మాస్టర్ హక్కు వేరు, మా కాగితంలో మొదటిదే రాసి ఉంది. రెండూ నావే కాబట్టి ఒక పేరా చేర్చి మళ్లీ సంతకాలు పెట్టాం. ఇకమీదట ఛానల్ లింక్ తీసుకున్నాకే ఫైల్ పంపుతాను.