రెండున్నరేళ్ల పిల్లవాణ్ణి దెబ్బ లేకుండా దారిలో పెట్టగలమా?

కడప తల్లి:
మా అబ్బాయికి రెండున్నరేళ్లు. ఏడు రోడ్ల కూడలి దగ్గర బొమ్మల దుకాణం కనబడితే చాలు, కొనివ్వకపోతే నేల మీద పడి దొర్లుతాడు. ఒక దెబ్బ వేస్తే మళ్లీ అడగడని మా అత్తమ్మ, అడిగింది కొనిస్తే గొడవే ఉండదని మా ఆయన అంటున్నారు. ఈ రెండూ కాని దారి నిజంగా ఉందా?

కర్నూలు విశ్రాంత ఉపాధ్యాయుడు:
మీ అత్తగారి మాటే సరైనదమ్మా. దండం దశగుణం భవేత్ అన్నారు. 2009 విద్యాహక్కు చట్టం బడిలో బెత్తాన్ని తీసివేశాక పిల్లలకు భయమూ పోయింది, భక్తీ పోయింది. ఇంట్లోనూ వదిలేస్తే ఇక ఎవరి మాట వింటారు?

అనంతపురం అంగన్‌వాడీ కార్యకర్త:
మాస్టారూ, ఆ చట్టంలోని 17వ సెక్షన్ బడి పిల్లల గురించినది. ఇక్కడున్నది ఇంకా వాక్యం కూడా సరిగా కూర్చలేని బిడ్డ. ఆ వయసులో కోరిక బలంగా ఉంటుంది, దాన్ని చెప్పుకోవడానికి మాటలు చాలవు, కోరికను అదుపు చేసే మెదడు ముందు భాగమైతే ఇరవయ్యేళ్లు దాటాక కూడా ఎదుగుతూనే ఉంటుంది. మొండితనంగా కనిపించేది చాలావరకు చేతకానితనమే. దెబ్బకు ఏడుపు ఆగవచ్చు గానీ ఓర్చుకునే శక్తి రాదు.

అక్కా, హద్దు ఉండవలసిందే, అయితే అది వయసుకు తగ్గదై ఉండాలి. ఏడాది బిడ్డకైతే వస్తువును అందకుండా పెట్టి దృష్టి మళ్లించాలి. మీవాడి వయసుకు ఉపన్యాసం ఎక్కదు. ఎర్ర చొక్కానా, పచ్చ చొక్కానా అన్నంత చిన్న ఎంపిక ఇస్తే తన మాట చెల్లిందని సంతోషిస్తాడు. ఎందుకు వద్దో వివరించడం నాలుగైదేళ్లకు పనికొస్తుంది. నిద్రవేళలో, ఆకలి మీద, మే నెల మిట్టమధ్యాహ్నం బజారుకు తీసుకెళ్లకండి (మన ఎండకు పెద్దవాళ్లకే ఓర్పు ఉండదు). బయలుదేరే ముందే "ఈరోజు బొమ్మ కొనం, అరటిపండ్లు కొంటాం, సంచి నువ్వు పట్టుకో" అని చెప్పండి. అయినా ఏడిస్తే పక్కనే కూర్చుని, "బొమ్మ కావాలని ఉంది కదా" అని ఒక్క మాట అని ఊరుకోండి, కొనకండి. ఒకసారి కొని మరొకసారి కొనకపోతే, గట్టిగా ఏడిస్తే దొరుకుతుందని నేర్చుకుంటాడు.

కర్నూలు విశ్రాంత ఉపాధ్యాయుడు:
ఇదంతా తీరిక ఉన్నవాళ్లకు తల్లీ. పొద్దున్నే శెనక్కాయ చేలో కలుపు తీయడానికి పోయే ఆడమనిషికి పక్కన కూర్చునే సమయమెక్కడిది?

అనంతపురం అంగన్‌వాడీ కార్యకర్త:
మా కేంద్రానికి వచ్చేది ఆ తల్లుల పిల్లలే. అలసిన మనిషికి చెయ్యి లేస్తుందన్నది నేనూ కాదనను. అది తల్లి అలసటకు సాక్ష్యమే గానీ, దెబ్బ వల్ల బిడ్డకు మేలు జరుగుతుందనడానికి కాదు.

కడప తల్లి:
ముందుగా చెప్పే పద్ధతి మొదలుపెడతాను. అయితే నేను కొననన్న బొమ్మనే మరునాడు మా మామయ్య తెచ్చి వాడి చేతిలో పెడతారు. అప్పుడేం చేయాలి?

ఆదోని తండ్రి:
పెద్దాయనను వద్దనకండి, ఆయన ముచ్చటను ఆదివారానికి మార్చండి. ఏడ్చిన మరునాడు కాకుండా ఆదివారం నాడే తాత బొమ్మ తెస్తాడని పిల్లవాడికీ తెలుస్తుంది. ఈ మాట మాత్రం పిల్లవాడు నిద్రపోయాక, మీ నోటి నుంచి కాకుండా మీ ఆయన నోటి నుంచి వెళ్లేలా చూడండి.