కాలిఫోర్నియా: లైసెన్స్ లేని మనవాడితో వాటర్ హీటర్ మార్పించొచ్చా?

ఫ్రీమాంట్ శ్రీను: గ్యారేజీలో 40 గ్యాలన్ల గ్యాస్ హీటర్ కారుతోంది. తెలిసినాయన సామానుతో కలిపి 1,800 డాలర్లకి మారుస్తానంటున్నాడు. పని వచ్చు, కాంట్రాక్టర్ లైసెన్స్ లేదు. ఇవ్వచ్చా?

గోదారోడు: ఇచ్చెయ్యండి. లైసెన్స్ లేకుండా చేయగల చిన్నపనికి ఉన్న 500 డాలర్ల పరిమితిని 2025 జనవరి నుంచి 1,000 చేశారు. హీటర్ మీరు కొనండి, కూలి 900 ఇవ్వండి. అయిపాయె.

పైపురెంచి: అవ్వదు. కూలీ సామానూ కలిపి 1,000 లోపు ఉండాలి. తప్పించుకోడానికి పనిని ముక్కలు చేస్తే చెల్లదని చట్టంలోనే రాసుంది. పైగా బిల్డింగ్ పర్మిట్ అక్కర్లేని పనికే ఆ మినహాయింపు. హీటర్ మార్పుకి పర్మిట్ కావాలి.

గోదారోడు: 900 అంటే వెయ్యి లోపే కదండీ! పర్మిట్ ఓనర్-బిల్డర్‌గా, అంటే సొంతింటి పని తానే చేసుకునేవాడిగా, శ్రీను గారే తీసుకుంటారు.

పైపురెంచి: అది తన చేత్తో చేసుకునేవాళ్లకి, లేదా జీతానికి మనిషిని పెట్టుకునేవాళ్లకి. లైసెన్స్ కావలసిన పని లైసెన్స్ లేనివాడు చేస్తే లేబర్ కోడ్ 2750.5 ప్రకారం అతను మీ ఉద్యోగి. పనిలో అతనికి దెబ్బ తగిలితే, అంతకుముందు 90 రోజుల్లో మీ దగ్గర 52 గంటలు చేసుండకపోతే, ఇంటి పాలసీలోని వర్కర్స్ కాంపెన్సేషన్ (పనివాడి గాయాలకి బీమా) వర్తించదు. దావా నేరుగా మీమీదే.

లక్ష్మి, శాన్‌హోసే: పర్మిట్ లేకపోతే పని సరిగ్గా చేశారో లేదో చూసేవాళ్లుండరు. హీటర్‌ని గోడకి బిగించే భూకంపం పట్టీలు రెండు ఉండాలి, పై మూడోవంతులో ఒకటి, కింది మూడోవంతులో ఒకటి. పొగగొట్టం పైకి వాలుగా లేకపోతే కార్బన్ మోనాక్సైడ్ విషవాయువు వెనక్కి ఇంట్లోకి తంతుంది.

గోదారోడు: లైసెన్స్‌కి నాలుగేళ్ల అనుభవం, 25,000 డాలర్ల బాండ్ (పూచీ) అడుగుతారు. కొత్తగా వచ్చినవాడు ఎలా బతకాలి? లైసెన్సున్నవాళ్లు వాడి పొట్ట కొడుతున్నారు!

పైపురెంచి: నేను చెప్పేది వాడి పొట్ట గురించే! కాంట్రాక్టర్ లైసెన్స్ చట్టంలో సెక్షన్ 7031 చదవండి. శ్రీను డబ్బు ఎగ్గొడితే అతను కోర్టుకెళ్లలేడు. ఇచ్చిందంతా, సామాను డబ్బుతో సహా, శ్రీను ఏడాదిలోపు దావా వేసి వెనక్కి లాక్కోవచ్చు. లైసెన్స్ లేదని తెలిసే పెట్టుకున్నా అంతే. అది చాలక మొదటి నేరానికే ఆరు నెలల జైలు, 5,000 జరిమానా దాకా వెయ్యొచ్చు.

గోదారోడు: తెలిసి పని చేయించుకుని డబ్బు వెనక్కి అడిగేది దొంగతనం. మనవాళ్లు ఆ పని చెయ్యరు.

లక్ష్మి, శాన్‌హోసే: మీరు నమ్మకం గురించి, ఆయన చట్టం గురించి మాట్లాడుతున్నారు. నమ్మకం చెడ్డరోజునేగా చట్టం బయటికి తీసేది? శ్రీను గారూ, హీటర్ మారుస్తానన్నాయన ఏ వీసా మీద ఉన్నారు?

ఫ్రీమాంట్ శ్రీను: హెచ్-1బి.

లక్ష్మి, శాన్‌హోసే: అయితే వద్దే వద్దు. స్పాన్సర్ కంపెనీకి తప్ప ఎవరికి డబ్బుకి పని చేసినా స్టేటస్ పోతుంది.

గోదారోడు: వీసా సంగతి ముందే చెప్పాల్సింది. 7031 మాత్రం అన్యాయమే, ఆ మాట మీదే ఉంటా.

ఫ్రీమాంట్ శ్రీను: సరే, ఆయనకి వద్దని చెప్తా. లైసెన్స్ ఉన్నవాళ్లకి అడ్వాన్స్ ఎంత ఇవ్వాలి?

పైపురెంచి: పదోవంతు లేదా 1,000, ఏది తక్కువైతే అది. ముందు రాష్ట్ర లైసెన్స్ బోర్డు సైట్‌లో నంబర్ కొట్టి సి-36 (ప్లంబింగ్ లైసెన్స్) ఉందా, బాండ్ నడుస్తోందా చూడండి.