నల్లమల అంచున దొరికిన మొక్క: బ్రాకిస్టెల్మానా, సెరోపీజియానా?

ప్రశ్న: నమస్తే. ఎమ్మెస్సీ బోటనీ చదువుతున్నాను. తొలకరి తర్వాత నల్లమల అంచున రాళ్ల మధ్య గడ్డిలో జానెడు కూడా లేని మొక్క కనిపించింది. ఆకులు ఎదురెదురుగా ఉన్నాయి. మట్టి కాస్త తీసి చూస్తే దుంప ఉంది. పువ్వు గోరంత. గ్యాంబుల్ ఫ్లోరాలో (పాత మద్రాసు ప్రెసిడెన్సీ మొక్కల పుస్తకం) కీ, అంటే లక్షణాలు చూస్తూ పేరు తేల్చే పట్టిక, పట్టుకుని వెళ్తే ఆస్క్లెపియడేసి కుటుంబం, బ్రాకిస్టెల్మా ప్రజాతి (జీనస్) దగ్గర ఆగాను. కానీ ఆకు తుంచితే పాలు రాలేదు. పైగా కొత్త పేపర్లలో అపోసైనేసి కుటుంబం, సెరోపీజియా ప్రజాతి అని ఉంది. డిసర్టేషన్‌లో ఏది రాయాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు: పాలు రాలేదని వెనక్కి తగ్గకు తమ్ముడూ. జిల్లేడు బంధువులే అయినా ఈ గుంపులో చాలా మొక్కలకు నీళ్లలాంటి రసమే ఉంటుంది. కుటుంబం సంగతి తేలికే. వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ బ్రౌన్ 1810లో అపోసైనేసి నుంచి ఆస్క్లెపియడేసిని విడదీశాడు, 1998 ఏపీజీ (పూల మొక్కల వంశక్రమం చూసే శాస్త్రవేత్తల బృందం) వర్గీకరణ దాన్ని మళ్లీ అపోసైనేసిలో కలిపింది. అపోసైనేసి అనే రాయి.

ప్రజాతి దగ్గరే అసలు చిక్కు. పాత పద్ధతిలో పువ్వుకు పొడవాటి గొట్టం ఉంటే సెరోపీజియా, లేకపోతే బ్రాకిస్టెల్మా. డీఎన్ఏ చూస్తే ఆ గీత నిలబడలేదు. అందుకే 2017లో వృక్షశాస్త్రవేత్త బ్రైన్స్, ఆయన సహ రచయితలు బ్రాకిస్టెల్మాను సెరోపీజియాలో కలిపేశారు. దీన్ని అందరూ ఒప్పుకోలేదు. నువ్వు ఎవరి వర్గీకరణ అనుసరిస్తున్నావో ఒక వాక్యంలో చెప్పి, రెండో పేరును పర్యాయనామంగా ఇవ్వు. ఎగ్జామినర్ తప్పు పట్టలేరు.

నా బెంగ అంతా జాతి (స్పీషీస్) గురించే. పువ్వు మధ్యలోని కిరీటం (కరోనా) చూశావా? దాని లోపలి తమ్మెలు (లోబ్స్) ఎటు వంగాయి, వెంట్రుకలు ఉన్నాయా?

ప్రశ్న: లేదు సార్. ఉన్న ఒక్క పువ్వునూ షీట్‌లో నొక్కి ఆరబెట్టేశాను.

జవాబు: పర్లేదు. దాన్ని వేడినీళ్లలో మెత్తబడేదాకా ఉంచి, సూదితో నెమ్మదిగా విప్పి, డిసెక్టింగ్ మైక్రోస్కోప్ కింద చూడు. కిరీటాన్నీ పుప్పొడి ముద్దలనూ స్కేలు పెట్టి ఫొటో తియ్యి. నల్లమల పేరుతోనే ఒక బ్రాకిస్టెల్మా జాతి ఉంది, దాని మూల వర్ణనతో (ఆ జాతిని మొదట ప్రకటించిన పేపర్‌లోని వర్ణన) తప్పకుండా పోల్చు. ఆకుల్ని నమ్ముకోవద్దు, ఒకే జాతిలోనే చాలా మారిపోతాయి.

వచ్చే వానల్లో అటవీశాఖ అనుమతి తీసుకుని వెళ్లు. రెండు పువ్వులు డెబ్బై శాతం ఆల్కహాల్‌లో వేసుకుంటే చాలు. దుంప మాత్రం తవ్వొద్దు, మళ్లీ మొలకెత్తాల్సింది దాన్నుంచే.