వెండి పట్టీల మీద రోడియం నల్లగా వస్తుండాది, లోపం ఎక్కడ?

పట్టీల_పని (నెల్లూరు):
రోడియం సల్ఫేట్ బాత్ (రోడియం అనే తెల్లని లోహం కరిగి ఉండే యాసిడ్ ద్రావణం, కరెంటు పెట్టి పూత వేసేది), ఒక లీటరు, అందులో 2 గ్రాముల లోహం. వెండి పట్టీలు, మెట్టెలకి వేస్తుండాం. 4 వోల్టులు, రెండు నిమిషాలు. యానోడ్‌కి (కరెంటు ప్లస్ వైపు తగిలించే రేకు) స్టీలు. అంచులు మసి పట్టినట్టు నల్లగా, మధ్యలో బూడిదరంగుగా వస్తుండాయి. తెల్లగా వచ్చినవి కూడా కొన్నాళ్లకి మచ్చలు పడతుండాయి. ఏంది కారణం?

రెక్టిఫయర్:
అన్నా, ముందు ఆ స్టీలు రేకు బయటికి తియ్యి. యాసిడ్‌లో అది కరిగి ఇనుము బాత్‌లోకి దిగుతుంది, బూడిదరంగు దానిదే. ప్లాటినం పూత ఉన్న టైటానియం జాలీ వాడాల. అంచులు నల్లబడేది వోల్టేజీ ఎక్కువై. 2.5 దగ్గర పెట్టు, వేడి 40–45 డిగ్రీలు, 30 నుంచి 60 సెకన్లు చాలు, వస్తువును మెల్లగా కదుపుతా ఉండు. మందంగా వేస్తే గట్టిదనం వస్తుందనుకోవద్దు. రోడియం పొర లోపల బిగుసుకుని సన్నగా పగుల్తుంది.

ఇంకోటి, కరెంటు ఆన్ చేశాకే వస్తువు ముంచాల. లేకుంటే ఆ కాసేపట్లోనే వెండి, రాగి కరిగి బాత్‌లో కలుస్తాయి.

ఒంగోలు_ఆచారి:
మచ్చల సంగతి వేరు. రోడియం నల్లబడదు, దాని సన్నని రంధ్రాల్లోంచి కింది వెండి నల్లబడుతుంది. అడుగున నికెల్ పొర వెయ్యండి. నికెల్ పడని చర్మం వాళ్లకైతే పల్లాడియం, ఖర్చు ఎక్కువ. నికెల్ ఆరనివ్వకుండా, 5–10 శాతం సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో ముంచి, కడిగి వెంటనే రోడియంలోకి. ఆరితే పైపొర ఊడొస్తుంది.

బఫింగ్ (మెరుగు పట్టడం) చేసినప్పటి మైనం పోయిందో లేదో నీళ్లే చెప్తాయి. కడిగినాక నీళ్లు పొరలా పరుచుకోవాల, చుక్కలు కట్టాయంటే జిడ్డుంది. బోరు నీళ్లు మాత్రం వద్దు, ఆఖరి కడుగు డిస్టిల్డ్ వాటరే.

పట్టీల_పని:
పాత బాత్ చార్‌కోల్‌తో వడగడితే పనికొస్తదా? ముత్యాలు, పగడాలు ఉన్న వస్తువులు వెయ్యచ్చా?

రెక్టిఫయర్:
చార్‌కోల్ నూనె, సబ్బు లాంటివే పీలుస్తుంది. ఇనుము, రాగి అట్నే ఉంటాయి. ఆ బాత్ రిఫైనర్‌కి ఇచ్చి లోహం తీయించుకో, కాలవలో పొయ్యొద్దు. మొదటి కడుగు నీళ్లు విడిగా పట్టి పెట్టుకో, బాత్ ఆవిరై తగ్గినప్పుడు అవే పోసుకోవచ్చు. కార్ల పొగగొట్టాల్లో నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గించే కన్వర్టర్లకే ఈ లోహం ఎక్కువగా పోతుంది, అక్కడ గిరాకీ పెరిగితే మన లీటరు ధరా ఎగురుద్ది.

ముత్యం, పగడం బాత్‌లో పెట్టావంటే యాసిడ్ తినేస్తుంది. ముందు పూత, తర్వాత రాళ్లు.

ఒంగోలు_ఆచారి:
కుందనం పని కూడా వద్దు. వెనక రేకులోకి యాసిడ్ దిగి రాయి మసకబారుతుంది. టంకం పనులు కూడా పూతకి ముందే, పూసినాక మంట తగిలితే రంగు మారుతుంది.